పామరుల నోట పద్యం నిలిపిన ఘంటసాల

(బి.ఎస్సీ., బి.జెడ్.సి. తృతీయ సంవత్సరం విద్యార్థి)

విద్యార్థి సంఘం వారు ఈ ఏటి సావనీరు కోసం ఒక మహనీయుని జీవితం రాసివ్వమన్నప్పుడు, వృక్షశాస్త్రం చదివేవాణ్ణి కనుక నేను జగదీశ్ చంద్ర బోసు గారి గురించి రాస్తానని మా క్లాసు మిత్రులంతా అనుకున్నారు. నాకు మాత్రం గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారి గురించి రాయాలనిపించింది. సినిమా పాటలు పాడినాయన గురించి సైన్సు విద్యార్థి రాసేదేముందని ఒకరిద్దరు నవ్వారు కూడా. దీనికొక కారణం ఉంది. అది కొంచెం మా ఇంటి సంగతి. పెద్దలు, అధ్యాపకులు మన్నించి చదవాలి.

మాది కోదాడ దగ్గర చిన్న పల్లె. సాగర్ ఎడమ కాల్వ కింద వరి పండించుకొని బతికే కుటుంబం. మా తాత బడి మొహం చూసిన మనిషి కాదు, కాగితం మీద వేలిముద్ర వేసేవాడు. కానీ పొద్దుగాల బర్లకు గడ్డి వేసేటప్పుడు, నారుమడికి నీళ్ళు కట్టేటప్పుడు ఆయన నోట్లో పద్యం ఆడుతుండేది. ఉత్పలమాల అంటే ఏందో, చంపకమాల అంటే ఏందో ఆయనకు ఎరుక లేదు. రాసిన కవి ఎవరో కూడా చాలాకాలం తెలియదు. అది ఘంటసాల పద్యం అని మాత్రమే తెలుసు.

ఆ పద్యం ఆయనకు దొరికింది మిర్యాలగూడలో. 1975 ప్రాంతంలో వడ్లు తీసుకొని అక్కడి రైసు మిల్లుకు పోతే, వంతు వచ్చేదాకా రాత్రంతా బస్తాల మీద పడుకోవాల్సి వచ్చేదట. మిల్లు పక్కనున్న చాయ్ హోటల్లో గ్రామఫోను పెట్టె ఉండేది. హోటలాయన ఘంటసాల అభిమాని. రాత్రి గిరాకీ తగ్గినాక ఒకే రికార్డు మళ్ళీ మళ్ళీ పెట్టేవాడు. అది 'పుష్పవిలాపం'. మూడు సీజన్లు అట్లా మిల్లుకు పోయి వచ్చేసరికి పద్యాలన్నీ తాతకు నోటికొచ్చినయి. చదువురాని మనిషి నోటికి పద్యం ఎట్లా ఎక్కిందన్న ప్రశ్నే నన్ను ఘంటసాల గారి జీవితం వైపు నడిపించింది.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య గారు, తల్లి రత్తమ్మ గారు. తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. తండ్రి పాడుతుంటే పసివాడు ఆయన భుజాల మీద కూర్చుని తాళానికి తగ్గట్టు ఆడేవాడట. ఆ తండ్రి కొడుకు చిన్నతనంలోనే కన్నుమూశారు. పోయేముందు కొడుకును సంగీతం నేర్చుకొమ్మని కోరారని చెబుతారు. మేనమామ చేరదీసినా, కుటుంబం గడవటమే కష్టమైన ఇంట్లో సంగీతం నేర్పించేవారెవరు?

అందుకని ఆ పిల్లవాడు ఎవరికీ చెప్పకుండా, చేతికున్న ఉంగరం అమ్ముకొని విజయనగరం రైలెక్కాడు. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది. తీరా పోయేసరికి వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆ పిల్లవాణ్ణి శిష్యుడిగా స్వీకరించి, పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. ఆ గురువు గారు కూడా పేదవారే. చదువైతే దొరికింది గాని అన్నం దొరకలేదు. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తుకొని, ఆ అన్నమే రెండు పూటలా తిని ఆయన సంగీతం నేర్చుకున్నారు. హాస్టల్లో పప్పు నీళ్ళగా ఉందని వార్డెన్ గారితో వాదించే మనం ఈ ఒక్క సంగతి తలుచుకుంటే చాలు.

చదువు ముగించి ఊరికి వచ్చి కచేరీలు, భజనలు చేసుకుంటూ ఉండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఆయన అందులో దూకి బళ్ళారి దగ్గర అలీపురం జైలుకు పోయారు. 1944లో సావిత్రి గారితో వివాహం జరిగింది. అత్తవారి ఊరు పెదపులివర్రు. సినిమా రచయిత సముద్రాల రాఘవాచార్యులు గారిదీ ఆ ఊరే. ఆయన ఈ యువకుడి పాట విని మద్రాసుకు రమ్మన్నారు.

మద్రాసుకు పోగానే మంచి రోజులు రాలేదు. ఉండటానికి చోటు లేక టి.నగర్‌లోని పానగల్ పార్కులో పడుకున్న రాత్రులున్నాయి. రేడియోలో పాడుతూ, సినిమాల్లో కోరస్‌లో ఒక గొంతుగా, చిన్న చిన్న వేషాల్లో ఒక మనిషిగా కాలం గడిపారు. గ్రామఫోను రికార్డు ఇద్దామని పోతే ఆ గొంతు రికార్డుకు పనికిరాదని మొదట తిప్పి పంపారు. ఆ తరువాత హెచ్.ఎం.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం గారు నమ్మకముంచి రికార్డు చేయించారు. ఆ పేకేటి గారే తరువాత సినిమా నటుడిగానూ పేరు తెచ్చుకున్నారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతి గారితో కలిసి పాడే అవకాశం వచ్చింది. అక్కడి నుంచి వెనక్కి చూసుకోవలసిన పని లేకపోయింది.

1949లో 'మన దేశం', 'కీలుగుర్రం' చిత్రాలకు సంగీత దర్శకులయ్యారు. ఎన్.టి. రామారావు గారు మొదటిసారి తెర మీద కనబడ్డది 'మన దేశం'లోనే. ఆ తరువాత 1951లో 'పాతాళభైరవి', 1957లో 'మాయాబజార్', 1963లో 'లవకుశ' ఘంటసాల గారి సంగీతంతో వచ్చినవి. 1953 నాటి 'దేవదాసు'లో సి.ఆర్. సుబ్బరామన్ గారి బాణీలకు ఆయన గొంతు అక్కినేని గారి దుఃఖమే అయిపోయింది. అంతటి పేరు వచ్చాక కూడా ఆయన విద్యార్థిగానే ఉన్నారు. హిందుస్తానీ విద్వాంసులు బడే గులాం అలీఖాన్ గారు మద్రాసు వచ్చినప్పుడు తన ఇంట్లోనే అతిథిగా ఉంచుకొని సేవ చేసుకున్నారు. సొంతంగా 'పరోపకారం', 'సొంతవూరు' వంటి సినిమాలు తీసి డబ్బు పోగొట్టుకున్నారు. చేతికొచ్చిన పంట నీటిపాలైతే మళ్ళీ దుక్కి దున్నే రైతులాగా మళ్ళీ పాడి ఆ అప్పులు తీర్చుకున్నారు.

ఇదంతా సినిమా లోకానికి తెలిసిన ఘంటసాల. మా తాతకు తెలిసిన ఘంటసాల వేరు. సినిమాతో సంబంధం లేకుండా, కేవలం వినటానికి మాత్రమే ఇచ్చిన రికార్డులు ఆయనవి చాలా ఉన్నాయి. వాటిని ప్రైవేటు రికార్డులు అంటారు. జానపద గీతాలు, భక్తి గీతాలు, మన తెలంగాణ కవి దాశరథి గారి గేయం అందులో ఉన్నాయి. వాటన్నిట్లో ఆయన పేరు చెప్పగానే అందరికీ ముందు గుర్తుకొచ్చేది 'పుష్పవిలాపం'. దాన్ని రాసింది గుంటూరులో తెలుగు అధ్యాపకులుగా పనిచేసిన జంధ్యాల పాపయ్యశాస్త్రి గారు. 'కరుణశ్రీ' ఆయన కలం పేరు. ఆయన కావ్యం 'ఉదయశ్రీ'లో ఈ పద్యాలున్నాయి. అందులోనిదే 'కుంతీకుమారి' కూడా. పసిబిడ్డను గంగపాలు చేయలేక తల్లడిల్లే కన్నెతల్లి కథ అది. దాన్నీ ఘంటసాల గారు రికార్డుగా పాడారు.

'పుష్పవిలాపం' కథ చాలా చిన్నది. ఒకాయన తెల్లవారుజామున పూజకు పూలు కోద్దామని తోటలోకి పోతాడు. చెయ్యి చాపగానే పూలు మాట్లాడుతాయి. మా పాటికి మేము తల్లికొమ్మ ఒడిలో ఆడుకుంటున్నాం, తుమ్మెదలకు తేనె పెడుతున్నాం, గాలికి పరిమళం ఇస్తున్నాం, మా గొంతుకు దారం బిగించి మా గుండెలో సూది దింపే హక్కు నీకెవరిచ్చారని నిలదీస్తాయి. బుద్ధుడు పుట్టిన దేశంలో పుట్టినవాడివేనా అని అడుగుతాయి. ఆయన పూలు కోయలేక ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. కథ ఇంతే. మొక్కలకూ స్పందన ఉంటుందని బోసు గారు పరికరాలు పెట్టి నిరూపించబోయారు. కరుణశ్రీ గారికి పరికరం అక్కరలేకపోయింది. ఆ విధంగా నేను బోసు గారిని పూర్తిగా వదిలిపెట్టలేదని మిత్రులు గమనించగలరు.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. ఈ పద్యాలు పుస్తకంలోనే ఉండి ఉంటే మా తాత దాకా వచ్చేవి కావు. అంతకుముందు పద్యం జనానికి చేరింది నాటకాల ద్వారా. పెట్రోమాక్సు లైట్ల కింద, మైకు లేని రోజుల్లో, చివరన చాప మీద కూర్చున్న మనిషికి కూడా వినపడాలంటే నటుడు గొంతెత్తి పాడాలి. రాగం సాగదీయాలి. వన్స్‌మోర్‌లు కొట్టించుకోవాలి. ఆ రాగం జడిలో మాట తడిసి ముద్దయ్యేది. అర్థం తెలియాలంటే కథ ముందే తెలిసి ఉండాలి.

మైకు వచ్చాక ఈ అవసరం తీరిపోయింది. ఇది ఒక్క మన దేశంలో జరిగిన సంగతి కాదు. అమెరికాలో బింగ్ క్రాస్బీ వంటి గాయకులు మైకుకు దగ్గరగా నిలబడి, పక్కన కూర్చున్న మనిషికి చెప్పినట్టు మెల్లగా పాడటం మొదలుపెట్టారు. అట్లాంటి వారిని అక్కడ క్రూనర్లు అన్నారు. 1942లో క్రాస్బీ పాడిన క్రిస్మస్ పాట ఇంటింటి పాట అయిపోయింది. గొంతు బలం కన్నా గొంతులోని దగ్గరితనం ముఖ్యమైన కాలం అది.

ఘంటసాల గారు తెలుగు పద్యానికి ఆ పనే చేశారు. గ్రామఫోను రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్క పాట సుమారు మూడు నిమిషాలే. అంత తక్కువ సమయంలో రాగాలు తీస్తూ కూర్చుంటే మాటకు చోటుండదు. ఆయన రాగాన్ని పద్యం చివరన కొద్దిగా తీగలాగా సాగనిచ్చి, మిగతా అంతా మాటకే వదిలారు. ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో అక్కడ విరవలేదు. పద్యానికీ పద్యానికీ మధ్య కథను మామూలు మాటల్లో చెప్పారు. సన్నజాజి మాట్లాడితే గొంతు సన్నబడుతుంది, కోపమొస్తే గొంతులో గరుకు వస్తుంది. మిల్లు దగ్గర బస్తాల మీద పడుకున్న రైతుకు ఇక నిఘంటువు ఎందుకు? మూడోసారి వినేసరికి కథ అర్థమైంది. పదోసారికి పద్యం సొంతమైంది. చదువుకున్న వారి సొత్తు అనుకున్న దాన్ని అంగట్లో చాయ్‌తో పాటు అందరికీ పంచిపెట్టిన మనిషి ఆయన. జోలె పట్టి తిన్న అన్నం రుణం ఆయన ఈ విధంగా తీర్చుకున్నారని నాకనిపిస్తుంది.

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1971లో యూరపు, అమెరికా దేశాలు తిరిగి అక్కడి తెలుగువారికి పాట వినిపించి వచ్చారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది, మధుమేహం వేధిస్తున్నది. ఆ స్థితిలోనే ఆయన భగవద్గీత రికార్డు చేశారు. ఏడు వందల శ్లోకాల్లోంచి కొన్ని ఏరి, ఒక్కొక్క శ్లోకం పాడి, వెంటనే దాని తాత్పర్యం తెలుగులో తన గొంతుతోనే చెప్పారు. అంటే ఇక్కడా అదే పద్ధతి. తెలియనివారికి తెలియజెప్పాలనే తపన. సంగీతంలో ఆయనకు తోడు నిలిచిన పట్రాయని సంగీతరావు గారు, విజయనగరంలో అన్నం లేని కుర్రవాడికి చదువు చెప్పిన ఆ గురువు గారి కుమారుడే. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల గారు మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్ళు మాత్రమే. గీత రికార్డు ఆయన పోయిన తరువాతే జనం చేతికి వచ్చింది. 2003లో ఆయన పేర తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

ఇక నా మనసులోని మాట చెప్పి ముగిస్తాను.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడింటి చుట్టూ ఉన్న ఏ ఊరికి పోయినా సరే, మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినపడిందంటే ఆ ఊళ్ళో ఎవరో పోయారని అర్థం. డప్పుల కన్నా ముందు గీత వినిపిస్తుంది. ఆ గొంతు చావు కబురుగా మారిపోయింది. పొరపాటున ఎవరైనా ఇంట్లో పెడితే, తీసెయ్‌రా అది ఇంట్లో పెట్టేది కాదు అని తల్లులు కసురుకుంటారు.

నేను సూర్యాపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు సంక్రాంతికి ఇంటికి పోయాను. తాత దగ్గర పాత టేపురికార్డరు ఉండేది. అందులో క్యాసెట్టు రీలు చిక్కుపడి తెగిపోయింది. నీ ఫోన్లో ఘంటసాల పూల పద్యం వస్తదా, జర పెట్టు బిడ్డా అని తాత అడిగాడు. నేను మిత్రులతో ఏదో ఆటలో మునిగి ఉన్నాను. తర్వాత పెడతాలే తాతా అన్నాను. ఆ రోజు అట్లా అయిపోయింది. మర్నాడూ మరిచిపోయాను. పండుగ సెలవులయ్యాక హాస్టలుకు వచ్చేశాను.

నెల తిరక్కుండానే తాతకు బాగాలేదు, బయలుదేరి రమ్మని ఫోను వచ్చింది. బస్సు దిగి కోదాడలో ఆటో ఎక్కాను. ఊరి పొలిమేర దగ్గర, చెరువు కట్ట మీదికి ఆటో ఎక్కేసరికి మైకులో గీత వినపడింది. ఇక ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ రోజు నుంచి దాదాపు రెండేళ్ళు నేను ఘంటసాల గొంతు వినలేకపోయాను. బస్సులో ఆయన పాట వస్తే చెవులు మూసుకున్నాను. రెండు నిమిషాల పనిని తర్వాత అన్నందుకు నాకు పడిన శిక్ష అది.

డిగ్రీలో మొక్కల ప్రాక్టికల్స్ మొదలైనాయి. మందార పువ్వును బ్లేడుతో నిలువునా కోసి, కేసరాలు, అండకోశం విడదీసి కాగితం మీద పరచాలి. మొదటి రోజు బ్లేడు పట్టుకోగానే తాత పద్యం గుర్తుకొచ్చింది. చేసేదేముంది, పువ్వును కోశాను, బొమ్మ గీశాను, రికార్డు మీద సంతకం పెట్టించుకున్నాను. ఆ రాత్రి హాస్టల్ మేడ మీద కూర్చుని రెండేళ్ళ తరువాత మొదటిసారి 'పుష్పవిలాపం' పూర్తిగా విన్నాను. ఏడుపు వచ్చిన మాట నిజమే. కానీ విన్నది తాత చావును కాదు, తాత బతికిన బతుకును.

అప్పుడే గీత గురించి కూడా ఆలోచించాను. గీతను విన్నవాడెవరు? అర్జునుడు. చచ్చినవాడు కాదు, బతికుండి, విల్లు కింద పడేసి, ఇక నావల్ల కాదని కూలబడ్డవాడు. అతణ్ణి లేపి నిలబెట్టటానికి చెప్పిన మాటలవి. మూడో సంవత్సరం బ్యాక్‌లాగులు మిగిలినవాడికి, పురుగు మందు కొట్టినా చేను నిలవని రైతుకు పనికొచ్చే మాటలవి. వాటిని ఊపిరి పోయినవారి దగ్గర మాత్రమే వినిపిస్తే ఎట్లా? ఘంటసాల గారు చివరి ఓపిక కూడగట్టుకొని తాత్పర్యం విడమరచి చెప్పింది బతికున్న మనకోసం.

మొన్న బతుకమ్మకు ఇంటికి పోయాను. తంగేడు పూలు తెచ్చే పని తాతది. ఇప్పుడది నా మీద పడింది. తాత ఏ చెట్టునూ పూర్తిగా దులిపేవాడు కాదు. ప్రతి చెట్టుకూ కొన్ని పూలు వదిలేసేవాడు. పూల పద్యం పాడుకుంటూ పూలు కోస్తావా అని నాయినమ్మ ఎక్కిరిస్తే, అందుకే కదనే కొన్ని వదిలిపెడుతున్న అనేవాడట. నేనూ అట్లానే కొన్ని వదిలి, గట్టు మీద కూర్చుని ఫోన్లో 'పుష్పవిలాపం' పెట్టాను. పక్క చేనాయన పార భుజానేసుకొని ఉరుక్కుంటూ వచ్చాడు. ఘంటసాల గొంతు వినపడేసరికి ఆయన గుండె ఝల్లుమన్నదట. ఎవరు పోయిండ్రురా అని అడిగాడు.

ఎవరూ పోలేదు పెదనాయినా, వింటున్న అని చెప్పాను. ఆయన ఒక నిమిషం నా మొహం చూసి, పార కింద పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. రెండో పద్యానికి ఆయన పెదవులు కూడా కదిలినయి. ఆయనా మా తాతతో మిల్లుకు పోయినవాడే.

మిత్రులారా, ఈ సావనీరు చదివినాక మీ ఇంట్లో ఒక పొద్దున, ఎవరూ పోని రోజున, ఆ గొంతు ఒకసారి పెట్టండి. పెద్దవాళ్ళు ఉంటే వారి పక్కన కూర్చుని వినండి. వారు అడిగితే తర్వాత అనకండి.